సైనికుని విఘ్నము, తీరవాసి రక్ష
కార్తికమున తూర్పుగాలి తిరిగినంతనే అంతర్వేది మొదలు ఓడలరేవు వఱకు కోనసీమవాసులు తుపాను హెచ్చరికకై చెవియొగ్గి యుందురు. ఆ హెచ్చరికకు ఆధారమైన రాడారు యుద్ధమున పుట్టినదని చెప్పువారే కాని, దాని నిర్మాతలలో అగ్రగణ్యుడైన రాబర్ట్ వాట్సన్ వాట్ తొలుత బ్రిటిషు వాతావరణశాఖలో ఉద్యోగియై, విమానచోదకుల రక్షణార్థము ఉఱుముమేఘముల జాడను రేడియో సాయమున వెదకినవాడని స్మరించువా రరుదు. 1935లో ఆ విద్య శత్రువిమానములవైపు మరలినది. 1940లో బర్మింగ్‌హామున రాండల్, బూట్ అను శాస్త్రజ్ఞులు నిర్మించిన మాగ్నెట్రాను దానికి సుమారు పది సెంటీమీటర్ల తరంగమును ప్రసాదించినది. ఆ తరంగము వానచినుకులను తాకి మరలివచ్చి తెరపై మచ్చలు కల్పింపగా, విమానములను వెదకు సైనికున కది విఘ్నమయ్యెను. నా మనస్సు నాకర్షించునది ఈ విఘ్నమే: యోధుడు తుడిచివేయగోరిన ఆ మచ్చయే మన తీరమునకు ప్రాణరక్షకమైనది. 1970లో విశాఖపట్టణమున నెలకొన్న తుపాను రాడారు ఆ జాతి తరంగముతోడనే సముద్రమును పరికించినది. అయినను 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలగూల్చి, అనేకుల ప్రాణములను హరించినది. కావున యంత్రము చూచినదానిని లంకగ్రామమునందలి కడపటి జాలరి గుడిసెకు సకాలమున చేర్చినగాని ఆ మార్గదర్శకుల ఋణము తీరదని నా దృఢవిశ్వాసము.