మొదటి పరీక్ష భర్తకే

పెళ్లయి ఏడాది తిరిగేసరికి "విశేషం ఏమైనా ఉందా?" అని అడిగేవాళ్లు బయల్దేరతారు. రెండో ఏడు దాటితే ఆ ప్రశ్న కాస్తా సలహా అవుతుంది. ఫలానా డాక్టరమ్మ హస్తవాసి మంచిదంటారు, ఫలానా గుడిలో ప్రదక్షిణలు చేయమంటారు. ఈ సలహాలన్నీ కోడలికే. కొడుకును పిలిచి "ముందు నువ్వు పరీక్ష చేయించుకో నాయనా" అనే పెద్దలు మన ఇళ్లలో ఇప్పటికీ తక్కువే. సంతానం కోసం చికిత్సకు వెళ్లాలనుకుంటున్న దంపతులకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: మొదటి పరీక్ష భర్తకు జరగాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఏ గర్భనిరోధక సాధనమూ వాడకుండా ఏడాది కాపురం చేసినా నెల తప్పకపోతే డాక్టరును కలవాలి. భార్యకు 35 దాటి ఉంటే ఆరు నెలలు ఆగితే చాలు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందికి కారణం పూర్తిగానో కొంతవరకో మగవాడి వైపు ఉంటుంది. అయినా సంతాన సాఫల్య కేంద్రాల వరండాల్లో భార్య ఒళ్లో ఉన్న ప్లాస్టిక్ కవరు ఒకసారి విప్పి చూడండి. నాలుగేళ్ల స్కానింగులు, థైరాయిడ్ రిపోర్టులు, అండాల నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ రిపోర్టులు, ట్యూబులు తెరుచుకున్నాయో లేదో చూసే హెచ్‌ఎస్‌జీ ఎక్స్‌రే, కొందరికి ల్యాప్రోస్కోపీ కాగితాలు కూడా. చాలా కవర్లలో భర్త వీర్య పరీక్ష రిపోర్టు మాత్రం ఉండదు.

హెచ్‌ఎస్‌జీలో గర్భసంచిలోకి మందు ఎక్కిస్తుంటే ఎంతోమంది పంటి బిగువున నొప్పి ఓర్చుకుంటారు. వీర్య పరీక్షకు రెండు నుంచి ఏడు రోజులు నిగ్రహం పాటించి నమూనా ఇస్తే సరిపోతుంది. సూది గుచ్చేది లేదు, కోసేది లేదు, ఖర్చు చాలాచోట్ల వందల్లోనే తేలిపోతుంది. ఇంత తేలికైనదాన్ని చివరికి నెట్టి, ముందు ఆమె ఒళ్లంతా గాలించడం అన్యాయం. పైగా వయసు పెరిగేకొద్దీ అండాలు తగ్గుతాయి, వాటి నాణ్యతా తగ్గుతుంది. అలా పోగొట్టుకున్న రెండు మూడేళ్లను ఏ డాక్టరూ వెనక్కి తేలేడు.

రిపోర్టు బాగా రాకపోతే పరువు పోయిందని కుంగిపోనక్కర్లేదు. వీర్యకణాల సంఖ్యకూ మగతనానికీ ముడిపెట్టకండి. ఒక్క రిపోర్టుతో తేల్చేయరు, మళ్లీ పరీక్షిస్తారు. వృషణాల దగ్గర సిరలు ఉబ్బే వేరికోసీల్ ఉండొచ్చు, షుగర్ ఉండొచ్చు, సిగరెట్, గుట్కా, మందు అలవాట్లు కారణం కావచ్చు. జిమ్ముల్లో కండల కోసం వేయించుకునే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లయితే వీర్యకణాల తయారీనే ఆపేయగలవు. ఒక వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. అందుకే అలవాట్లు మార్చుకుంటే ఆ ఫలితం తెలియడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది.

తన పేరు మీద కూడా ఓ రిపోర్టు ఉన్న భర్త డాక్టరు ఎదుట కూర్చునే తీరే వేరు. ఇది తన చికిత్స కూడా అని అతనికి తెలుస్తుంది. చికిత్స ఐవీఎఫ్ దాకా వెళితే భార్య పది పన్నెండు రోజులు పొట్ట మీద ఇంజెక్షన్లు చేయించుకోవాలి, మత్తు ఇచ్చి అండాలు తీస్తారు, పిండాన్ని గర్భంలో పెట్టాక ఫలితం కోసం దాదాపు రెండు వారాలు ఎదురుచూడాలి. అండాశయాలు అతిగా స్పందించి పొట్ట ఉబ్బితే ఆస్పత్రిలో చేరాల్సి రావచ్చు. ఆ రోజుల్లో పక్కన ఎవరుంటారు, ఆఫీసు సెలవు ఎలా, బంధువుల ప్రశ్నలకు ఎవరు జవాబు చెబుతారు? ఇవన్నీ మొదటి సూదికి ముందే మాట్లాడుకోవాలి.

కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు హోర్డింగు మీది శాతాలు చూసి వెళ్లకండి. "మా వయసు వాళ్లలో, సొంత అండాలతో, ఎంతమంది బిడ్డను ఎత్తుకుని ఇంటికి వెళ్లారు?" అని అడగండి. గర్భం నిలిచిన లెక్క వేరు, బిడ్డ పుట్టిన లెక్క వేరు. ప్యాకేజీలో ఇంజెక్షన్లు, ఇక్సీ (వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించడం), పిండాల ఫ్రీజింగు కలిశాయో లేదో రాయించుకోండి. ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు ఈ ఖర్చు ఇవ్వవు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న సంతాన సాఫల్య చికిత్సల చట్టం ప్రకారం ప్రతి కేంద్రానికీ రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో బయటపడిన కేసులో, "సరోగసీ (అద్దె గర్భం) ద్వారా పుట్టిన మీ బిడ్డే" అంటూ అప్పగించిన శిశువుకు డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఆ దంపతులతో సంబంధమే లేదని తేలింది. అందుకే రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని అడగడం మొహమాటపడే విషయం కాదు.

దాత అండం, దాత వీర్యం అనే మాట ఎప్పుడైనా రావచ్చు. సంతకం పెట్టమని కాగితం ముందు పెట్టినప్పుడు కాక, ఇంట్లోనే ఆలోచించుకోండి. అలా పుట్టిన బిడ్డ చట్టరీత్యా మీ బిడ్డే, దాతకు ఏ హక్కూ ఉండదు. పిండాన్ని గర్భంలో పెట్టేలోపు ఎప్పుడైనా సమ్మతి వెనక్కి తీసుకునే హక్కు దంపతులకు ఉంది.

ఎక్కడ ఆగాలన్నది కూడా ముందే అనుకోవాలి. మొదటి విడత ఫలించకపోవడం మామూలే. రెండు విడతలా, మూడా? పొలం తాకట్టు దాకా వెళ్లాలా, వద్దా? చికిత్స ఆపి దత్తత తీసుకుందామన్నా, దానికీ వయసు హద్దు ఉంది. 2022 నిబంధనల ప్రకారం రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే దంపతులిద్దరి వయసులు కలిపి 85 దాటకూడదు, పైగా వరుసలో ఏళ్ల తరబడి ఆగాలి. అన్ని ప్రయత్నాలూ అయ్యాక ఆలోచిద్దామనుకుంటే ఆ దారీ ఇరుకైపోతుంది.

డాక్టర్లకూ ఒక విన్నపం. భర్త రిపోర్టు చూడకుండా భార్యకు సంతానం కోసం ఒక్క మాత్ర కూడా రాయబోమని మీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ఆ ఒక్క నియమం పాటిస్తే ఎంతోమంది ఆడవాళ్లకు అక్కర్లేని నొప్పి తప్పుతుంది, ఎన్నో జంటలకు విలువైన కాలం మిగులుతుంది.