చెప్పు చూపించి చేతులు దులుపుకున్నాం

మన ప్రాంతానికి నాయకులు రావడం కొత్త కాదు. 2003 ఏప్రిల్ 9న వైఎస్ రాజశేఖరరెడ్డి పాదయాత్ర మొదలైంది చేవెళ్లలోనే. 2021 అక్టోబర్‌లో ఆయన కూతురు షర్మిల తొలి అడుగు వేసిందీ ఇక్కడే. 2023 ఆగస్టు 26న ఖర్గే సమక్షంలో కాంగ్రెస్ ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్ ప్రకటించిందీ చేవెళ్ల సభలోనే. వచ్చినవాళ్లకు మన దగ్గర రెండే మర్యాదలు. నచ్చితే పూలదండ, కోపమొస్తే చెప్పులదండ. ఈ రెంటికీ నడుమ అడగాల్సింది చాలా ఉంది. అడగలేదు. ఎన్కేపల్లి నుంచి చేవెళ్ల దాకా ఈ తప్పు మనందరిదీ.

చెప్పు ఎత్తినప్పుడు ఎవరిని కొడుతున్నామో ఆలోచించామా? చేవెళ్ల 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఇక్కడి ఎమ్మెల్యే ఏ పార్టీవాడైనా దళితుడే. పల్లెల్లో దళితుణ్ణి నలుగురిలో అవమానించడానికి చెప్పులదండ ఎంతగా వాడారంటే, 2015లో అట్రాసిటీ చట్టాన్ని సవరించినప్పుడు దాన్ని పేరుపెట్టి మరీ నేరాల జాబితాలో చేర్చాల్సి వచ్చింది. అదే దండను మనం నిరసన పేరుతో చేతికి తీసుకున్నాం. మాట తప్పిన నాయకుణ్ణి తిడుతున్నామనుకున్నాం. చూస్తున్న పిల్లలకు మాత్రం కులం ఎక్కడ ఉండాలో నేర్పాం. నాయకుడు నడిచిపోయిన చోట పసుపునీళ్లు చల్లి శుద్ధి చేయడం ఇంకా ఘోరం. అంటరానితనాన్ని ఊరి నడిబొడ్డున, కెమెరాల ముందు, చప్పట్లతో మళ్లీ ఆడి చూపించడమే అది.

గాజుల సంగతీ అంతే. చేతకాని మగ నాయకుడికి చీర, గాజులు పంపడం మన ఉద్యమాల్లో పాత అలవాటు. 2000 ఉపఎన్నికలో సబితా ఇంద్రారెడ్డిని చేవెళ్ల నుంచే అసెంబ్లీకి పంపాం. 2009లో ఆమె ఉమ్మడి రాష్ట్రానికి హోంమంత్రి అయ్యారు. రాష్ట్ర పోలీసు శాఖను గాజులేసుకున్న చెయ్యి నడిపిందని తెలిసీ గాజులను చేతకానితనానికి గుర్తుగా వాడుతున్నాం. ధర్నాలో ముందు వరసలో కూర్చునే ఆడవాళ్లే ఆ గాజుల పళ్లెం మోస్తారు. వాళ్ల చేతికి అది ఇచ్చింది మనమే.

చెప్పుతోనూ ఫలితం దక్కుతుందని వాదించేవాళ్లున్నారు. 2009 ఏప్రిల్‌లో ఢిల్లీలో ఒక సిక్కు పాత్రికేయుడు అప్పటి కేంద్ర హోంమంత్రి చిదంబరం మీదికి బూటు విసిరాడు. కొద్దిరోజుల్లోనే, 1984 సిక్కుల ఊచకోతలో ఆరోపణలున్న కాంగ్రెస్ అభ్యర్థులు జగదీశ్ టైట్లర్, సజ్జన్ కుమార్‌లు పోటీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. నిజమే. కానీ ఆ బూటు వెనక ఆ ఊచకోతలో అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు 25 ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన తిరుగుడు ఉంది. ఆ పాత్రికేయుడు ముందు ప్రశ్న అడిగాడు, బూటు తర్వాత లేచింది. మన చెప్పు వెనక ఏముంది?

2025 నవంబర్ 3 ఉదయం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ తాండూరు డిపో బస్సును ఢీకొట్టింది. కంకర కింద కూరుకుపోయినవాళ్లతో కలిపి 19 మంది చనిపోయారు. అక్కడికి వచ్చిన స్థానిక ఎమ్మెల్యేను నిలదీశాం, వెళ్లిపొమ్మని అరిచాం. ఆ కోపం న్యాయమైనదే, శవాల పక్కన నిలబడినవాళ్లను తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. నేను తప్పుపట్టేది అంతకుముందు ఏళ్ల తరబడి మనం పాటించిన మౌనాన్ని. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డు వెడల్పు పని ఎన్నాళ్లు ఆగిందో మనకు తెలుసు. ఆ రోడ్డు పక్కన మర్రిచెట్ల కోసం పోరాడినవాళ్లు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. రోజూ ఆ దారిన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగే మనలో ఎందరం వెళ్లాం? చెట్లూ మిగలాలి, రోడ్డుకు డివైడరూ రావాలి, ఈలోగా టిప్పర్లకు కళ్లెం వేయాలి అని గట్టిగా చెప్పాల్సింది మనమే. ఎన్ని గ్రామసభల్లో తీర్మానం చేశాం? ఎన్నికలప్పుడు ఓటడగ వచ్చినవాళ్లను ఈ ఒక్క సంగతి మీద ఎంతసేపు నిలబెట్టాం? దిష్టిబొమ్మ తగలబెడితే అరగంటలో ఇంటికి పోవచ్చు. దరఖాస్తు పట్టుకుంటే నెలల తరబడి ఆఫీసులు తిరగాలి. మనం అరగంట పనినే ఎంచుకున్నాం.

1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా నల్లజెండాలు లేచాయి. టంగుటూరి ప్రకాశం పోలీసు తుపాకీకి ఎదురుగా రొమ్ము చూపించారు. అందులో ఎవరి కులాన్నీ, ఎవరి ఆడతనాన్నీ కించపరిచిన అవమానం లేదు. కాల్చుకోమని తన దేహాన్నే ముందుకు పెట్టారాయన. ఎన్కేపల్లిలోనూ 2025లో గోశాల కోసం భూములు తీసుకుంటామని అధికారులు పోలీసులతో దిగినప్పుడు రైతులు దున్నుకునే నేల మీదే అడ్డం నిలబడ్డారు. ఏం పోతోందో, ఏం కావాలో సూటిగా చెప్పారు. పక్క ఊళ్లవాళ్లం ఎంతమందిమి వాళ్ల వెంట నిలిచాం? ఫోన్లో వీడియో చూసి, పంపుకుని ఊరుకున్నాం.

రేపు మన ఊరికి ఏ మంత్రి వచ్చినా, ఏ ఎమ్మెల్యే వచ్చినా చెప్పులు కాళ్లకే ఉంచండి. గాజుల పళ్లెం మోయమని ఏ ఆడబిడ్డనూ అడగకండి. నల్లజెండా పట్టుకోండి, రోడ్డుకు అడ్డంగా కూర్చోండి, అది మీ హక్కు. రోడ్డు ఏ తేదీకి పూర్తవుతుందో, భూమికి ఏమిస్తారో కాగితం మీద రాసివ్వమని అడగండి. ఇవ్వకపోతే, ఇవ్వలేదని గ్రామసభలో తీర్మానం రాయించి అందరూ సంతకాలు పెట్టండి.