ఇంటి ముచ్చట్లు: తాత పేరు

పోయిన నెల చింతకాయ తొక్కును గూర్చి వ్రాశాము. ఇద్దరు సోదరీమణులు సంఘం మెట్ల మీద ఎదురై, ఉప్పు పాళ్ళు తప్పు చెప్పామని తగువు పెట్టుకున్నారు. వారికి మా క్షమాపణలు. ఈ నెల తొక్కు లేదు, పచ్చడి లేదు. మగపిల్లవాడికి పేరు పెట్టటం గూర్చి వ్రాస్తున్నాము. ఇందులో పాళ్ళు తప్పితే సరిదిద్దుకోవటం మరీ కష్టం.

మా తమ్ముడికి కొడుకు పుట్టాడు. పుట్టింది నగర్తపేటలో కాదు, ఐర్లండు దేశపు డబ్లిన్ పట్నంలో. తమ్ముడు అక్కడ కంప్యూటరు ఉద్యోగంలో ఉన్నాడు. ధర్మరాయస్వామి గుడికి కూతవేటు దూరాన, ఒకరు దిగితేగాని మరొకరు ఎక్కలేని మెట్లున్న మా యింటికి ఆ కబురు తెల్లవారుజామున ఫోనులో వచ్చింది. మా అమ్మ మొదట తల్లి క్షేమం అడిగింది. తర్వాత బిడ్డ క్షేమం అడిగింది. మూడో మాటగా, "మీ నాన్నగారి పేరే గదా?" అన్నది. అవతల నుంచి జవాబు రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పాలి. మా నాన్నగారు చిక్కపేటలో ఒక బట్టల అంగడిలో లెక్కలు వ్రాసి మమ్మల్ని పెంచారు. తమ్ముడు పరదేశం పోవటం ఆయనకు సమ్మతం కాలేదు. వాడు విమానం ఎక్కిన తర్వాత ఆయన వాడితో నేరుగా మాట్లాడింది తక్కువ. పండుగనాడు ఫోను వస్తే అమ్మే ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసేది. ఒకరాత్రి ఆయనకు గుండె పట్టుకున్నది. తమ్ముడు వచ్చి చేరేసరికి దహనం కూడా అయిపోయింది. వాడు వాకిట్లో చెప్పులు విడిచి, ఆయన కూర్చునే బల్ల వంక చూచి, ఏమీ అనకుండా లోపలికి వచ్చాడు. తండ్రీ కొడుకుల మధ్య ఆగిపోయిన మాట ఆగినచోటే ఉండిపోయింది.

"ఆ పేరు పెట్టి వాణ్ణి ఎట్లా పిలవనన్నయ్యా? వాడు అల్లరి చేస్తే ఆ పేరు పెట్టి ఎట్లా కోప్పడేది?" అని మాకు విడిగా ఫోను చేసి అడిగాడు. అమ్మతో మాత్రం, "ఇక్కడివాళ్ళకు ఆ పేరు నోరు తిరగదమ్మా" అన్నాడు.

ఆ పేరు ఏమిటని పాఠకులు అడుగుతారు. మా అమ్మ దానిని ఏనాడూ పలికి ఎరుగదు. రేషను కార్డు కోసం పోయిన చోట గుమాస్తా "యజమాని పేరు?" అంటే, "ఏడుకొండలవాడి పేరు నాయనా" అని మా వైపు చూచేది. ఆమె పలకని పేరును మేము అచ్చు వేయించటం బాగుండదు. ఏడుకొండలవాడి పేరే అనుకోండి.

మొదటి మగబిడ్డకు తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టుకోవటం మనలో చాలా ఇండ్ల వాడుక. మన వీధిలోని అరవవారు మనుమణ్ణి "పేరన్" అంటారు. పేరు మోసేవాడని దాని అర్థం. రాజుల ఇండ్లలోనూ ఇదే తీరు. మొదటి చంద్రగుప్తుని మనుమడు రెండవ చంద్రగుప్తుడు. మన వేంగి నేలిన తూర్పు చాళుక్యులు విష్ణువర్ధన, విజయాదిత్య నామాలనే తరతరాలుగా మళ్ళీ మళ్ళీ ధరించారు. అయితే ఇంట్లో చిక్కు ఒకటున్నది. మామగారి పేరు కోడలు పిలవరాదు, భర్త పేరు అత్తగారు పిలవరాదు. అందుచేత తాత పేరు పెట్టుకున్న పిల్లవాడు బడిలో చేరేదాకా "చిన్నా", "బాబూ" అనే వినిపించుకుంటాడు. హాజరు పట్టీలో అసలు పేరు పిలిస్తే ఎవరినో అనుకుని పలకడు. మేమూ అట్లా పలకనివారమే.

మా మరదలికి కావలసింది రెండక్షరాల చిన్న పేరు. "అత్తయ్యగారూ, తాతగారి పేరంటే నాకు గౌరవం లేక కాదు. వీణ్ణి బడిలో నలుగురూ నలుగు రకాలుగా విరిచి పిలుస్తారేమోనని" అన్నది. ఆ మాటా నిజమే. ఇందులో పంచాంగం మరొక చిక్కు తెచ్చింది. వేసవిలో డబ్లిన్‌కూ మనకూ నాలుగున్నర గంటల తేడా. ఏ గడియారం చూడాలని అడిగితే, బిడ్డ పుట్టిన చోటి కాలమే లెక్క అన్నారు పురోహితులు. ఆ లెక్కన ఆర్ద్రా నక్షత్రం మూడవ పాదం వచ్చింది. ఆర్ద్రకు అక్షరాలు కు, ఘ, ఙ, ఛ. మూడవ పాదానికి "ఙ"! ఆ అక్షరంతో మొదలయ్యే పేరు తెలిసినవారు ఎవరైనా ఉంటే మా సంఘానికి ఒక కార్డు వ్రాయగలరు.

పురోహితులు నవ్వి మంచి మాట చెప్పారు. శాస్త్రం ఒక్క పేరుతో సరిపెట్టమనలేదట. నక్షత్ర నామం, మాస నామం, దేవతా నామం, వ్యావహారిక నామం అని నాలుగింటికి చోటున్నది. పైగా మగపిల్లవాడి పేరులో రెండో నాలుగో, సరి అక్షరాలుండాలని గృహ్యసూత్రాలలో ఉన్నది. మరదలు కోరిన రెండక్షరాలకు శాస్త్రం తోడు వచ్చింది. మా అమ్మ మాత్రం, "నాలుగింటిలో ఆయన పేరు ఎక్కడ?" అన్నది.

తమ్ముడి పక్కింటివారు ఐర్లండువారు. ఆ యింట కూడా అదే నెలలో మగబిడ్డ పుట్టాడు. ఆ యింటి ముసలమ్మగారు బిడ్డను చూడవచ్చి, మా మరదలి మొహం చూచి సంగతి అడిగి, పక్కున నవ్విందట. "మా యింట్లోనూ ఇదే రగడ" అన్నదట. వారిలోనూ పాత ఆచారం అచ్చంగా ఇదే. మొదటి కొడుకుకు తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, మూడోవాడికి తండ్రి పేరు. ఇప్పటి పిల్లలు అందరూ దీనిని పాటించరు. అక్కడ మగపిల్లల పేర్ల పట్టికలో 2007 మొదలు చాలా ఏండ్లు "జాక్" అనే పొట్టి పేరుదే మొదటి స్థానం. ఆ యింటి కోడలికీ కొత్త పేరు మీదే మనసు. కడకు తాత పేరే పెట్టి, వెనుక "ఓగ్" అని తగిలించారు. వారి భాషలో ఓగ్ అంటే చిన్న. తాత షాన్ అయితే మనుమడు షాన్ ఓగ్. తాతను పిలిస్తే తాత పలుకుతాడు, మనుమణ్ణి పిలిస్తే మనుమడు పలుకుతాడు.

ఈ సంగతి వినగానే మా అమ్మ, "చిన అన్నమాట" అన్నది. ఔను, మనకది కొత్త కాదు. తాళ్ళపాక వారింట పెద తిరుమలాచార్యుల కొడుకు చిన తిరుమలాచార్యులు. ఒకే పేరు, ముందు ఒక్క మాట తేడా.

ముసలమ్మగారు మరొకటి చెప్పింది. వారి పేర్లలో ఓబ్రియన్, ఓకానర్ అని వస్తుందే, ఆ "ఓ" అంటే వారి ప్రాచీన భాషలో మనుమడు. తర్వాత వంశంవాడని స్థిరపడింది. డబ్లిన్ దగ్గర క్లాంటార్ఫ్ యుద్ధంలో 1014లో చనిపోయిన బ్రియన్ బోరు రాజు పేరు మీద వచ్చినదే ఓబ్రియన్. వెయ్యేండ్లు దాటినా ఆ వంశం వారు నేటికీ ఆ తాతకు మనుమలే.

ఇక గుమాస్తాలకు నచ్చే సంగతి. షాన్ అనే పేరును ఇంగ్లీషు లిపిలో వ్రాసి, అందులోని "ఏ" అక్షరం పైన ఒక గీత పెడతారు. అది మన దీర్ఘం వంటిది. గీత మరిచిపోతే అది "షన్" అవుతుంది. షన్ అంటే వారి భాషలో ముసలి! ఉయ్యాలలోని బిడ్డను రిజిస్టరులో ముసలివాణ్ణి చేయటానికి ఒక్క గీత చాలు. ఇంగ్లీషువారి ఏలుబడిలో ఈ పేర్లు చాలావరకు ఇంగ్లీషు రూపాలలోకి మారాయి. 1893లో వెలసిన గేలిక్ లీగ్ మొదలుగా మళ్ళీ సొంత పేర్లు పట్టుకున్నారు. వారి నాయకుడు డి వలేరా 1882లో న్యూయార్కులో పుట్టినప్పుడు రిజిస్టరులో జార్జి. తర్వాత ఎడ్వర్డు. లోకం ఎరిగింది వారి భాషలోని "ఏమన్" అనే పేరుతో.

ఇన్ని మాట్లాడుకున్నా తమ్ముడు ఔననలేదు. అక్కడి చట్టం ప్రకారం మూడు నెలల లోపు పుట్టుక రిజిస్టరు చేయించాలి. ఆ పని మీద వాడు తన కాగితాలు ముందు వేసుకుని మాకు ఫోను చేశాడు. అమ్మ పక్కనే ఉన్నది. "అక్కడివాళ్ళకు నోరు తిరగదంటివే, నిన్ను ఆఫీసులో ఏమని పిలుస్తార్రా?" అని అడిగింది. వాడు ఆగిపోయాడు. మాకూ అప్పుడే తట్టింది.

వాడి పాసుపోర్టు ఫారము నింపింది మేము. మన ఇంటిపేరు పేరుకు ముందు వస్తుంది. ఈ ఊళ్ళో అది పొడి అక్షరమై, ఆ పొడి అక్షరం కూడా తండ్రి పేరుదై పోయింది. ఫారములో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే చిక్కు వస్తుందని, ఆ గడిలో నాన్నగారి పేరు వ్రాశాము. గుమాస్తాగిరీలో పదిమందికి చేసిన పనే, అప్పుడు రెండోసారి ఆలోచించలేదు. ఆ పుస్తకం పట్టుకునే తమ్ముడు సముద్రం దాటాడు. ఆనాటి నుంచీ అక్కడ వాణ్ణి పెద్దమనిషిగా పిలిచినప్పుడల్లా నాన్నగారి పేరుతోనే పిలుస్తున్నారు. నోరు తిరిగినంత మట్టుకు తిప్పుకుంటున్నారు. ఇప్పుడు పుట్టినవాడికీ అక్కడి రిజిస్టరులో తండ్రి ఇంటిపేరే వస్తుంది గదా! మేము తగువులాడుకుంటున్న పేరు, ఎవరూ పెట్టకముందే వాడికి ఉన్నది.

చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. "నాన్న నాతోనే వచ్చాడన్నయ్యా, నేనే చూచుకోలేదు" అన్నాడు తమ్ముడు. "మరి ముందు కూడా అదే పేరు పెడితే రెండుసార్లు వస్తుందే" అని సందేహపడ్డాడు. వస్తే ఏమి? మన వరాహగిరి వేంకటగిరి గారికి ఇంటిపేరులో ఒక గిరి, సొంత పేరులో ఒక గిరి. ఆయన కూడా 1913లో న్యాయశాస్త్రం చదవటానికి ఆ డబ్లిన్‌కే పోయి, 1916లో తిరిగి వచ్చారు. 1965 నుంచి 1967 దాకా మన రాష్ట్రానికి గవర్నరుగా ఈ బెంగళూరులోనే ఉన్నారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు. రెండు గిరులు ఆయనకు బరువు కాలేదు. మేము ఇట్లా అంటే అమ్మ కూడా నవ్వింది.

కడకు కుదిరినది ఇది. రిజిస్టరులో ముందు మరదలు కోరిన రెండక్షరాల పేరు, వెనుక తాతగారి పేరు. ఆ రెండక్షరాలు ఏవో వ్రాయము. దిష్టి తగులుతుందని అమ్మ ఆన. బాలసారె ఆదివారం నాడు చేశారు. పళ్ళెంలో బియ్యం పోసి, తమ్ముడు ఉంగరంతో మొదట ఆ చిన్న పేరు వ్రాశాడు. దాని కింద "చిన" అని వ్రాసి, పక్కన నాన్నగారి పేరు వ్రాశాడు. మేమిక్కడ ఫోను తెరలో చూస్తున్నాము. వ్రాసిన తర్వాత వాడు బియ్యం మీద నుంచి చెయ్యి వెంటనే తీయలేదు. బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పాడు. అంతదూరం నుంచి మాకు వినబడలేదు గాని, పెదవులు కదలటం కనబడింది.

ఇక మా అనుభవం మీద నాలుగు మాటలు. పెద్దల పేరు పెట్టాలా, కొత్త పేరా అని బాలింత దగ్గర తగువు పడవద్దు. రెండింటికీ చోటున్నది. మన దేశంలో పుట్టుకను 21 రోజుల్లో తెలపాలి. 1969 చట్టం ప్రకారం పేరు లేకుండానే రిజిస్టరు చేయించి, 12 నెలల లోపు రుసుము లేకుండా, ఆ పైన 15 ఏండ్ల దాకా ఆలస్య రుసుముతో పేరు చేర్చుకోవచ్చు. తొందరపడి ఎవరో చెప్పిన పేరు వ్రాయించనక్కరలేదు. అట్లాగని అశ్రద్ధ కూడా పనికిరాదు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరటానికీ, ఓటర్ల పట్టికకూ, సర్కారు ఉద్యోగానికీ ఆ పత్రమే ఆధారం. పేరును తెలుగులోను, ఇంగ్లీషులోను, ఇక్కడ కన్నడంలోను ఒక కాగితం మీద వ్రాసి, అక్షరం అక్షరం చూచుకుని, అదే కాగితాన్ని అన్నిచోట్లా చూపండి. ఇంటిపేరు గడిలో ఏమి వ్రాస్తున్నారో రెండుసార్లు చూచుకోండి. అది మీ మనుమలదాకా పోతుంది.

మా అమ్మ వాణ్ణి ఏమని పిలుస్తుందా అని ఇంటిల్లిపాదీ కనిపెట్టుకుని ఉన్నాము. చిన్న పేరు ఆమెకు అలవాటు కాలేదు. పెద్ద పేరు నోట పలకదు. బాలసారె ముగిసి, మరదలు బిడ్డను తెరకు దగ్గరగా పట్టుకున్నది. అమ్మ కొంగు సర్దుకుని, నాన్నగారు అంగడి నుంచి వచ్చిన వేళ పిలిచినట్లే, "ఏమండోయ్!" అన్నది.

వాడు ఆవులించాడు.