పల్నాటి యువజనులును పరదేశముల పనిబేరమును

పల్నాటిలో నేడు ఇరువురు గృహస్థులు కలిసికొనినచో ముందుగా వానను గూర్చియు, పిమ్మట గుంటూరు యార్డులో మిరప ధరను గూర్చియు మాటలాడుకొందురు. మూడవ ప్రస్తావము కుమారుని ఉద్యోగము. అది వచ్చునప్పటికి ఇరువురి గొంతును తగ్గును. కుమారుడు బి.టెక్. ముగించి రెండేండ్లయినది, హైదరాబాదులో ఏదియో కోర్సు నేర్చుచున్నాడు, అమెరికాకు పంపుదమన్నచో రెండెకరములు అమ్మవలెను. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు క్రొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించిననాడు నరసరావుపేటలోను, సత్తెనపల్లిలోను ఎన్ని ఇండ్లలో కలత పుట్టియుండునో ఊహించుట కష్టము కాదు. ఒకే త్రోవను నమ్మి నడచినవారికి ఆ త్రోవకు అడ్డముగ గోడ లేచినపుడు కలుగు దిగులది.

ఆ గోడ లేచుచున్న కాలముననే వేరు దిక్కుల తలుపులు తెరచుకొనుచున్నవి. 2017లో జపానుతోడ మన దేశము సాంకేతిక శిక్షణార్థుల విషయమై ఒడంబడిక చేసికొనినది. 2021 జనవరిలో నైపుణ్యము గల పనివారిని పంపుటకు మరియొక ఒడంబడిక జరిగినది. 2025 ఆగస్టులో ప్రధానమంత్రి జపాను వెళ్ళినపుడు ఐదేండ్లలో యాబదివేల మంది నిపుణులైన భారతీయులు ఆ దేశమునకు పోవునట్లు ఉభయ ప్రభుత్వములును సంకల్పము చెప్పుకొనినవి. జర్మనీతోడ 2022 డిసెంబరు 5వ తేదీన వలసల ఒప్పందము కుదిరినది. 2024 అక్టోబరులో ఆ ప్రభుత్వము భారతీయ నిపుణులకు ఏటేట ఇచ్చు వీసాలను 20,000 నుండి 90,000 వరకు పెంచెదమని ప్రకటించినది. ఈ తలుపులు పిలుచుచున్నది కంప్యూటరు పట్టభద్రులను మాత్రమే కాదు. వెల్డరును, ఫిట్టరును, ఎలక్ట్రీషియనును, నర్సును, ముసలివారికి పరిచర్య చేయువానిని పిలుచుచున్నవి. ఆ తలుపుల యెదుట నిలిచినవారిలో మాచర్ల, గురజాల, దుర్గి, బొల్లాపల్లి బాలురెందరు? మేమెరిగినంతలో బహు కొలదిమంది.

ఇది వారు మనకు చేయు ఉపకారము కాదని మొదట గ్రహింపవలెను. జపానులోను, జర్మనీలోను ముసలివారు పెరిగినారు, పనిచేయు చేతులు తరిగినవి. కర్మాగారములు నడువవలెను, ఆసుపత్రులలో రోగుల కొకరు తోడుండవలెను. అక్కర వారిది, చేతులు మనవి. అట్టిచోట బేరమాడుటకు సిగ్గుపడనేల? విదేశములతోడి పొత్తు పల్నాటికి క్రొత్తయు గాదు. ఇక్ష్వాకులేలిన విజయపురిలో, నేటి నాగార్జునకొండయందు, సింహళమునుండి వచ్చిన భిక్షువులకు ప్రత్యేక విహారముండెను. రోము బంగారు నాణెములు అచ్చట దొరకినవి. ఆనాడు ఈ సీమకు పరదేశులు నేర్చుటకును నేర్పుటకును వచ్చిరి. ఇచ్చిపుచ్చుకొనుట యన నదియే.

అయితే పొత్తులన్నియు నొక్కతీరువి కావు. 1968లో హైదరాబాదు బాలానగరమున భారత ప్రభుత్వము ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు సహాయముతోను, అంతర్జాతీయ కార్మిక సంస్థ తోడ్పాటుతోను పనిముట్ల రూపకల్పనా సంస్థను నెలకొల్పినది. విదేశీయుల సహాయమునకు గడువు తీరినది. సంస్థ మాత్రము నిలిచినది. అచ్చట టూల్, డై తయారుచేయుట నేర్చిన మన పిల్లలు దేశమంతట పనిచేయుచున్నారు. అంతకు చాల ముందే, 1910లో, బందరున కోపల్లె హనుమంతరావుగారును, ముట్నూరి కృష్ణారావుగారును, పట్టాభి సీతారామయ్యగారును ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించి, పుస్తకము పట్టిన చేయియే పనిముట్టును పట్టవలెనని చూపిరి. పరుల సహాయమున నాటినదైనను, మన పూనికతో నాటినదైనను, వేరు మన నేలలో దిగినపుడే చెట్టు మిగులును.

వేరొక తీరు పొత్తును కూడ మన రాష్ట్రము చూచినది. ఒక జర్మను సంస్థ పేరుతో ముడివడి 2015లో మొదలిడిన నైపుణ్య కేంద్రముల వ్యవహారము 2023లో నేరాభియోగమై మాజీ ముఖ్యమంత్రి అరెస్టు వరకు పోయినది. ఆ వ్యాజ్యపు మంచిచెడ్డలు న్యాయస్థానముల సొత్తు. మే మందు తలదూర్చము. మాకు కలిగిన విచారము వేరు. కోట్ల లెక్క ప్రతి రచ్చబండమీదను వినబడినది. ఆ యంత్రములమీద ఎందరు బాలురు చేయి పెట్టి పని నేర్చిరి, ఎందరికి జీతము దొరకినది అను లెక్క అడిగినవారు మా చెవిని బడలేదు. ఒక పక్షము వారు కేంద్రముల సంఖ్య చెప్పిరి, మరియొక పక్షము వారు రూపాయల సంఖ్య చెప్పిరి.

జర్మనుల పద్ధతిని గూర్చి యొకింత చెప్పవలెను. అచ్చట పదవ తరగతియో, ఆ పై చదువో ముగించిన బాలుడు ఒక కర్మాగారముతోడ ఒప్పందము వ్రాసికొనును. వారమున మూడు నాలుగు దినములు ఆ కర్మాగారమున నిపుణుని ప్రక్కన నిలిచి పనిచేయును. ఒకటి రెండు దినములు బడికి పోయి లెక్కలు, చిత్రలేఖనము, పదార్థముల గుణములు చదువును. మూడేండ్లు, మూడున్నరయేండ్లు ఇట్లు గడచును. ఆ కాలమంతయు యజమాని వానికి భత్యమిచ్చును. కడపట పరీక్ష చేయునది బడియు గాదు, యజమానియు గాదు; వర్తకుల, పరిశ్రమల మండలి. కావుననే ఆ పత్రమునకు దేశమంతట విలువ. మన దేశమునను 1961లో అప్రెంటిసుల చట్టము చేయబడినది. చట్టమున్నది, ఐ.టి.ఐ.లు ఉన్నవి. లోపించినది ఆ రెంటి నడుమ నుండవలసిన కర్మాగారపు తలుపు. తుప్పు పట్టిన లేతు యంత్రముమీద రెండేండ్లు చేయి త్రిప్పి బయటికి వచ్చిన బాలుడు, కంప్యూటరుతో నడచు యంత్రమును మొదటిసారి ఉద్యోగ పరీక్షనాడు చూచుచున్నచో, తప్పు బాలునిది కాదు.

పల్నాటిలో కర్మాగారములే లేవందురా? మాచర్లలో 1958 నుండి సిమెంటు కర్మాగారము కలదు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, దాచేపల్లి చుట్టుపట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, చిలకలూరిపేట నూలు మిల్లులు, ఊరూర కోల్డు స్టోరేజీలు ఉన్నవి. సున్నపురాయి మనది, ధూళి మనది. పెద్ద యంత్రమేదైన చెడినపుడు దానిని బాగుచేయువాడు ఏ జిల్లానుండి, ఏ రాష్ట్రమునుండి వచ్చుచున్నాడో పాఠకులే విచారించి చూడుడు. 1922లో కన్నెగంటి హనుమంతు పుల్లరికై ప్రాణమిచ్చినది అడవిమీద అడవి ప్రాంతపు వారికి హక్కున్నదను మాటకొరకే గదా! రాతిగని చుట్టునున్న గ్రామముల బాలునికి గని యంత్రము నేర్చు హక్కు లేదా? విదేశీ శిక్షకుని పిలుచునపుడు ఈ ఫ్యాక్టరీల యజమానులను కూడ ఒప్పందమున చేర్చుట మేము కోరు మొదటి షరతు.

ఇచ్చట మా పాఠకులకు రుచింపని మాట యొకటి చెప్పక తప్పదు. మనలో భూమిగల కుటుంబములవారు కుమారుని వెల్డరును చేయుటకు ఒప్పుకొనరు. ఇంజనీరింగు కళాశాలకు లక్షలు కట్టుదుము. పట్టా చేతికి వచ్చిన పిమ్మట పదిహేనువేల జీతమునకు ఏ.సి. గదిలో కూర్చున్నను గౌరవమే యందుము. నీలి చొక్కా తొడిగి చేతికి నూనె అంటిన పని చేసినచో, సంబంధములు రావని భయపడుదుము. ఈ భయము వట్టిదని మేమనము, అది మన ఇండ్లలో నున్నది. కాని దానికి మనము చెల్లించు వెల ఎంతయో గమనింపుడు. సెలవులేని నిరుద్యోగి ఊరిలో ఏమి చేయును? కొందరు బండి మీద తిరుగుదురు. కొందరు నాయకుల వెంట తిరుగుదురు. 2024 ఎన్నికలలో మాచర్ల, నరసరావుపేట ప్రాంతములు దేశమంతటికి ఏ తీరున తెలిసినవో మరల చెప్పనక్కరలేదు. ఆనాడు కఱ్ఱ పట్టినవారిలో పెక్కుమందికి చేయుటకు వేరు పని యుండియున్నచో, కొందరైనను ఇంట నుండెడివారు. పల్నాటి పౌరుషమును గూర్చి ఏటేట కారెంపూడి తిరునాళ్ళలో వినుచునే యున్నాము. అది ఏ పనికి వచ్చుచున్నదో చూచుట లేదు.

చేతిపని మన రక్తమున లేదనువారు శివరాత్రికి కోటప్పకొండ పోయి ప్రభలను చూడవలెను. డెబ్బది, ఎనుబది అడుగుల ప్రభను గ్రామమువారే కట్టుదురు. గాలికి తల వ్రాలకుండ త్రాళ్ళు బిగింతురు, వేల దీపములకు తీగలు లాగుదురు, కరెంటు స్తంభముల నడుమ, గుంటల దారిలో ఒరిగిపోకుండ కొండ దిగువకు చేర్తురు. ఆ పని చేయు యువకులలో ఒక్కనియొద్దనైన పత్రము లేదు. అక్షరాస్యత స్వల్పమైన తాపీమేస్త్రులే నాగార్జునసాగరమును కట్టిరి. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో నీరు వదలిన ఆ ఆనకట్ట, సిమెంటును ఇనుమును పొదుపు చేయుటకు రాతితో కట్టినది. ప్రపంచమున మిక్కిలి పెద్ద రాతికట్టడపు ఆనకట్టలలో ఒకటి. ఆ మేస్త్రుల మనుమలు నేడు హైదరాబాదులో అంతస్తులు కట్టుచున్నారు. 2015లో మొదలైన కేంద్ర ప్రభుత్వపు కౌశల పథకములో, ముందే పని తెలిసినవానిని పరీక్షించి పత్రమిచ్చు ఏర్పాటు కలదు. నరసరావుపేటలో నెలకొకసారి ఇట్టి పరీక్ష పెట్టి, ఆ పత్రమును జర్మనీయు, జపానును అంగీకరించునట్లు ఒప్పందము వ్రాయించినచో, మేస్త్రి కుమారునికి కాలేజీ మెట్టెక్కకయే త్రోవ ఏర్పడును.

ఇక ప్రమాదముల మాట. ఇందు మేము మెత్తగా మాటలాడజాలము. 2024లో కంబోడియాలో కంప్యూటరు ఉద్యోగములని ఆశచూపి తీసికొనిపోబడిన విశాఖ ప్రాంతపు యువకులను అచ్చట సైబరు మోసముల ముఠాలు నిర్బంధించి, మనవారినే మోసగింపజేసినవి. ఆ యేడే రష్యాలో సహాయకుల ఉద్యోగములని నమ్మి పోయిన మన దేశపు బాలురు కొందరు యుక్రెయిను యుద్ధరంగమున చిక్కుకొనిరి. హైదరాబాదు యువకుడొకడు ప్రాణము కోల్పోయెను. దలారి నోటిలో విదేశమనిన ప్రతిచోటు ఒకటే. 1983 వలసల చట్టము ప్రకారము రిజిస్టరు కాని దలారి మనుష్యులను విదేశములకు పంపరాదు. రిజిస్టరైన ఏజెంటు కూడ సేవారుసుముగ 30,000 రూపాయలును, పన్నును మించి తీసికొనరాదు. ఈ రెండు వాక్యములు ప్రతి సచివాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించుటకు ఖర్చెంత? లక్షలు అప్పుచేసి పోయినవాడు అచ్చట ఎంత హీనమైన పనికైనను తలయొగ్గును, తిరిగి రాలేడు. అప్పే సంకెల.

సర్కారు ఒప్పందమైనంతనే భయము లేదనియు అనుకొనరాదు. 1993లో జపాను ప్రారంభించిన శిక్షణార్థుల పథకము పేరునకు శిక్షణ. పెక్కుచోట్ల చవుక కూలి. యజమానిని మార్చుకొను స్వేచ్ఛ లేకపోవుటచే పారిపోయినవారు వేలకొలది. ఆ ప్రభుత్వమే 2024 జూనులో దానిని రద్దుచేయు చట్టము చేసి, 2027 ఏప్రిలు నుండి క్రొత్త పద్ధతి అమలగునట్లు నిర్ణయించినది. ఇజ్రాయేలుతోడ 2023 మేలో 42,000 మందికై ఒప్పందమైనది. అక్టోబరులో యుద్ధము వచ్చినది. పిమ్మట మన దేశమున ఎంపికలు జరిగినవి. షట్టరింగు, ఇనుము వంచుట, పలకలు పరచుట, ప్లాస్టరింగు పనులకు నెలకు 1,37,000 రూపాయలని చెప్పిరి. ఆ జీతమును మేము కాదనము. తుపాకి మ్రోతల నడుమకు పోవునదో, మానునదో బాలుడు నిర్ణయించుకొనవలెను గాని ఆకలి నిర్ణయింపరాదు.

2025 మేలో కేంద్ర మంత్రివర్గము వేయి ప్రభుత్వ ఐ.టి.ఐ.లను బాగుచేయుటకు 60,000 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. ప్రపంచ బ్యాంకును, ఆసియా అభివృద్ధి బ్యాంకును అందు పాలుపంచుకొనుచున్నవి. రెండువందల ఐ.టి.ఐ.లు మూలకేంద్రములు, ఎనిమిదివందలు వాని శాఖలు. 2022 ఏప్రిలు 4న ఏర్పడిన మన జిల్లాకు మూలకేంద్రము కావలెనని అడిగిన శాసనసభ్యుడెవడు? 2024 జూనులో ముఖ్యమంత్రి పదవి స్వీకరించిన వెంటనే సంతకము చేసిన పత్రములలో నైపుణ్య గణన యొకటి. దాని ప్రయోగమునకు మంగళగిరిని ఎన్నుకొనిరి. అమరావతికి దగ్గరనున్న ఊరికి ముందు దొరకుట సహజమే. వెల్దుర్తికి ఎప్పుడు దొరకును?

డబ్బుతో రాని వస్తువొకటి కలదు. అది భాష. జర్మనీలో నర్సు పని చేయదలచినది ఆ భాషలో బి-2 దశ దాటవలెను. జపానుకు పోవువానికి ఎన్-4 గాని, దానికి సమమైన పరీక్ష గాని కావలెను. తెలుగు బడిలో చదివిన బాలిక ఏడాది పాటు దినమునకు మూడు గంటలు కూర్చున్నచో ఈ భాష పట్టుపడును. దానికి కావలసినది యంత్రము కాదు, ఒక గది, ఒక ఉపాధ్యాయుడు, ఒక నల్లబల్ల. వినుకొండ నర్సింగు విద్యార్థిని ఈ పాఠమునకై హైదరాబాదున హాస్టలు అద్దె కట్టవలసివచ్చుచున్నచో, ఒప్పందములు ఆమెకొరకు వ్రాయబడలేదు. నరసరావుపేట మునిసిపాలిటీ సాయంకాలములందు ఒక పాఠశాలలోని ఒక గదిని ఇచ్చినచో, ఉపాధ్యాయుని జీతమునకు మన వర్తక సంఘములవారు చందా వేసికొనలేరా? ప్రభ ఒక్కదానికి ఒక గ్రామము వేసికొను చందాలో కొంత చాలును.