ఛాయాచిత్రముల కొట్టు, విత్తనపు గింజలు

మా వారు పనిచేయు ఓరుగల్లు పాఠశాలకు ఒక వెబ్‌సైటు కలదు. రామప్పగుడికి, వేయిస్తంభముల గుడికి పోయి పిల్లలు తీసిన ఛాయాచిత్రములు, వారి నాటకముల వీడియోలు అందులో నుండును. ఇటీవల వానికి చోటు చాలక "క్లౌడులో పెట్టుదుమా, బ్యాకప్ తీయుదుమా?" అని వారు మమ్మడిగిరి. తిండిగింజలు ఉంచుకొందుమా, విత్తనపు గింజలు ఉంచుకొందుమా యని రైతు అడుగునా?

క్లౌడనగా మబ్బు కాదు. దూరమున పెద్ద భవనములలో నుంచిన యంత్రములే. అమెజాన్ వారు 2006లో ఎస్3 పేర ఇట్టి కొట్టు తెరచిరి. 2022లో హైదరాబాదునందును యంత్రములు నెలకొల్పిరి. ప్రతి ఫైలును అనేక యంత్రములలో నుంచుదురు గాన ఒక డిస్కు చెడినను బొమ్మ చెడదు. వాడుకొన్నంతకే బాడుగ. వెబ్‌సైటు బొమ్మలకు ఇది తగిన చోటే.

కాని మన చేయియే పొరబడిననో? మా ఫోనులోని బొమ్మలు తమంతట తామే క్లౌడునకు పోవుచుండెను. చోటు కొరకు మేము ఫోనులో కొన్నిటిని చెరుపగా అచ్చటివియు మాసినవి. నెల దాటిన పిదప గాని తెలియలేదు. అప్పటికి చెత్తబుట్టయు ఖాళీ. మామగారు మనుమరాలిచేత అక్షరములు దిద్దించుచున్న బొమ్మ అందులోనిదే. వారిప్పుడు లేరు.

చెరుపుమన్న యజమానురాలి మాట కొట్టు వినును. పాత ప్రతులను నిలుపు వెర్షనింగ్ అను నేర్పాటు ఎస్3లో నున్నది గాని, దానిని మనమే తెరువవలెను. ఖాతాయే పరుల చేతబడిన అదియు నమ్మరానిది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రము అంటుకొని, ఉద్యోగుల జీ-డ్రైవ్ కొట్టులోని 858 టెరాబైట్లు దగ్ధమైనవి. మిక్కిలి పెద్దదని దానికి వేరుప్రతి తీయలేదట!

కావున బొమ్మలు క్లౌడునకు పోయినవి. వారమున కొకమారు రెండు డిస్కులలో ప్రతి తీయుచున్నాము. ఏ బొమ్మ ఏ పుటలోనిదో తెలుపు డేటాబేసును కూడ తీయవలెను సుమా. లేకున్న మిగులునది పేరులేని బొమ్మల మూటయే. ఒక డిస్కు పాఠశాలలో, ఒకటి మా యింట. 2020 ఆగస్టులో మన నగరపు వీధులు నీట మునుగుట చూచితిమి గాన ఇంటి డిస్కు అటకమీద నున్నది.

మొన్న ఆదివారము దానిని దింపి తెరచి చూచితిమి. రెండు నాటకములు తెరచుకొనలేదు. వానిని క్లౌడునుండి మరల దింపుచున్నాము.