వార్డు సభను అంశాలవారీ బృందాలుగా విడదీయమని కోరుతూ వినతిపత్రం

బెంగళూరు

గౌరవనీయులైన వార్డు సభ బాధ్యతలు చూసే అధికారి గారికి,

నగరం తూర్పు అంచున, మన వార్డులో కాపురముంటున్న తెలుగు కుటుంబాలవారం నమస్కరించి రాసుకుంటున్న వినతి.

విషయం: నెలనెలా జరిగే వార్డు సభను నీళ్లు, చెత్త, కాలువలూ చెరువులూ, రోడ్లూ బస్సులూ అనే నాలుగు బృందాలుగా విడదీసి నడపడం గురించి.

అయ్యా,

పోయిన నెల సభకు మా వీధి నుంచి ఒకావిడ సీసాలో నీళ్లు పట్టుకొచ్చింది. ఇంటి సంప్‌లోంచి తోడిన నీళ్లు. పచ్చగా ఉన్నాయి, మూత తీస్తే మురుగు వాసన. మూడు ఇళ్లలో పని చేసుకునే మనిషి, ఒక పూట జీతం వదులుకుని వచ్చింది. సభ పదకొండింటికి మొదలైంది. రెండు అపార్ట్‌మెంట్ల మధ్య కార్లు నిలిపే చోటు మీద వాదన నలభై నిమిషాలు నడిచింది. తరువాత వీధికుక్కలు, ఆ తరువాత వెలగని దీపాలు, మళ్లీ కార్లు. ఒంటిగంటకు ఆమె సీసాను మా చేతిలో పెట్టి పనికి వెళ్లిపోయింది. ఒకటిన్నరకు నీళ్ల మాట వచ్చింది. అప్పటికి ఆ సంగతి చెప్పగలిగిన ఇంజనీరు కూడా ఇంకో మీటింగుకు లేచి వెళ్లారు.

ఎవరినీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. కారు పెట్టుకునే చోటు లేనివారి బాధ వారికి నిజమే. మీరు కూడా ఆ రోజు భోజనం మానుకుని రెండున్నర దాకా కుర్చీలోనే ఉండడం మేం చూశాం. కానీ ఇంతమంది బాధలు ఒక్క గదిలో ఒక్క మైకు ముందు వరుస కడితే, గట్టి గొంతున్నవారి బాధే మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుంది. పదిమందిలో పాము చావదని పెద్దలు ఊరికే అనలేదు.

ఈ రద్దీ ఎందుకు పెరిగిందో కూడా చెప్పుకోవాలి. 2007లో పాత మహానగర పాలికెకు ఏడు నగరసభలు, కెంగేరి పురసభ, 110 గ్రామాలు కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికెను చేశారు. వంద వార్డులు 198 అయ్యాయి. అంత పెద్ద ఊరిని ఒక్క పాలికె మోయలేదన్న మాట బలపడి, గ్రేటర్ బెంగళూరు పాలనా చట్టం 2025 మే 15న అమల్లోకి వచ్చింది. సెప్టెంబరు 2 నుంచి నగరం అయిదు కార్పొరేషన్లయింది. వార్డులు 369కి పెరిగాయి, తూర్పు కార్పొరేషన్ వాటా 50. ఈలోగా 2020 సెప్టెంబరులో కార్పొరేటర్ల గడువు తీరిపోయింది. ఆ తరువాత అయిదేళ్లు దాటినా గోడు చెప్పుకోవడానికి మాకు ఈ నెలసరి సభ తప్ప మరో గడప లేకపోయింది. అందుకే ఇంతమందిమి వస్తున్నాం. ఊరిని పంచారు, వార్డులను పంచారు. సభలో మాట మాత్రం పంచకుండా గుట్టగానే ఉండిపోయింది.

మీకు తెలియనిది కాదు. కావేరి నీళ్లు, మురుగు పైపులు జలమండలివి. కరెంటు బెస్కాంది, బస్సు బీఎంటీసీది. చెత్త బండికి వేరే సంస్థ ఉంది. ఇన్ని శాఖలవారిని మూడు గంటలు ఒకే గదిలో కూర్చోబెట్టడం జరిగే పని కాదు. ఫలానా తేదీన ఫలానా అంశమే అని ముందుగా తెలిస్తే ఆ శాఖ మనిషి ఒక్క గంట కోసం వస్తారు, వచ్చినందుకు జవాబు చెప్పి వెళతారు.

మేం కోరుతున్నది కొత్త సంగతి కూడా కాదు. కేరళలో 1996లో మొదలైన ప్రజాప్రణాళిక ఉద్యమం ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు అప్పగించింది. ఆ డబ్బు సంగతి అందరూ చెప్పుకుంటారు. మాకు నచ్చింది అక్కడ గ్రామసభను నడిపిన తీరు. అందరూ కాసేపు ఒకచోట కూర్చుని, ఆపైన వ్యవసాయం, తాగునీరు, చదువు, స్త్రీల సంక్షేమం అంటూ చిన్న బృందాలుగా విడిపోయేవారు. బృందాన్ని నడపడానికి ముందే శిక్షణ పొందిన మనిషి ఉండేవారు. చివర మళ్లీ అందరూ చేరి ఏ బృందం ఏమందో వినేవారు. పెద్ద గుంపులో పెదవి విప్పని మనిషి పాతికమందిలో విప్పుతుంది. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరం 1989 నుంచి బడ్జెట్‌ను జనం సభల్లో చర్చించి తేల్చసాగింది. నగరాన్ని 16 ప్రాంతాలు చేసి సభలు పెట్టారు. బస్సులు, చదువు, ఆరోగ్యం ప్రాంతాల హద్దుల్లో ఇమడవు కదా. 1994లో అంశాలవారీ సభలు అయిదు కలిపారు. మనం ఇంకా హద్దులు గీసే మెట్టు దగ్గరే ఉన్నాం.

మాలో చాలామందిమి హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్లం. ఆంధ్రలో 2019 అక్టోబరు 2న మొదలైన వార్డు సచివాలయాల్లో పారిశుధ్యానికి, ప్లానింగుకు, సౌకర్యాలకు వేర్వేరు వార్డు కార్యదర్శులను పెట్టారు. పని ఎంత జరిగిందన్నది వేరే మాట. ఏ బల్ల ముందు నిలబడాలో మాత్రం అక్కడి ముసలమ్మకు కూడా తెలుస్తుంది.

కాబట్టి మా మొదటి కోరిక నీళ్ల బృందం. మిగతావి రెండు నెలలు ఆగినా సరే, ఇది వెంటనే మొదలు కావాలి. 2024 వేసవిలో బోర్లు ఎండి, బిందెడు నీళ్లకు ఈ నగరం పడ్డ పాట్లు ఎవరూ మరిచిపోలేదు. ఆ ఏడాది అక్టోబరు 16న కావేరి అయిదో దశ ప్రారంభమైంది. పాలికెలో కలిసిన ఆ 110 గ్రామాల కోసమని రోజుకు 77.5 కోట్ల లీటర్ల పథకం. సంతోషించాం. కానీ ఏ వీధికి పైపు పడింది, ఏ ఇంటికి మీటరు వచ్చింది, యజమాని కనెక్షన్ తీసుకోకపోతే అద్దెకున్నవారి దారేమిటి, ట్యాంకరు రేటు ఎవరిని అడగాలి, సంప్‌లోకి మురుగు ఎక్కడ కలుస్తోంది? ఇవి వీధి పటం బల్ల మీద పరుచుకుని, వేలు పెట్టి చూపించి మాట్లాడుకోవలసినవి. మైకులో తేలేవి కావు. ఈ బృందం ఆదివారం పొద్దున గానీ, రాత్రి ఏడు దాటాక గానీ కూర్చోవాలి. ఇళ్లలో పని చేసేవారు, తాపీ మేస్త్రీలు, పీజీ హాస్టళ్లలో ఉండే పిల్లలు రాగలిగేది అప్పుడే.

విడదీయడంలో మాకూ ఒక భయం ఉంది, దాచుకోము. 2022 సెప్టెంబరులో బెల్లందూరు, యమలూరు వైపు నీళ్లు నిండి, మనుషులను ట్రాక్టర్లలో, పడవల్లో బయటికి తెచ్చారు. ఆ వరద ఏ ఒక్క అంశానికీ చెందదు. కాలువలో చెత్త, కాలువ మీద కట్టడం, అలుగు దాటిన చెరువు, ఎత్తు పెంచిన రోడ్డు, అన్నీ కలిస్తేనే అది ఇంట్లోకి వచ్చింది. నాలుగు బృందాలూ నాలుగు గోడల మధ్య ఉండిపోతే మళ్లీ అదే గతి. అందుకని మూడు నెలలకొకసారి, వానాకాలంలో నెలనెలా, అన్ని బృందాలూ ఒకచోట కూర్చోవాలి. బృందాన్ని నడిపే ఇద్దరిలో ఒకరు స్త్రీ కావాలి, ఆరు నెలలకు ఇద్దరూ మారాలి. లేకపోతే పెద్ద గదిలో మైకు వదలనివారే చిన్న గదికి యజమానులవుతారు.

రాతకోతలు కన్నడలోనే ఉండాలి. ఈ ఊరి నీళ్లు తాగుతున్న మేం మరోలా కోరం. మాట మాత్రం ఎవరికి వచ్చిన భాషలో వారిని చెప్పుకోనివ్వండి. అనంతపురం మేస్త్రీ తెలుగులో చెబితే దాన్ని కన్నడలో రాసిపెట్టే పిల్లలు మా ఇళ్లలోనే ఉన్నారు, ఇక్కడి బడుల్లోనే చదువుకున్నారు. ప్రతి అర్జీకి ఒక నంబరు, అది ఏ శాఖకు ఏ తేదీన వెళ్లిందో ఒక వరుస, కార్యాలయం బయటి బోర్డు మీద కనబడాలి.

దీనికి కొత్త నిధులు అక్కర్లేదు. మూడు నెలలు ప్రయత్నంగా నడిపి చూడండి. కుర్చీలు, పటం, రాసేవాళ్లు మా బాధ్యత. వచ్చే సభలోగా నీళ్ల బృందానికి ఒక తేదీ ప్రకటించమని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
మన వార్డు తెలుగు కుటుంబాలవారు

జతపరచినవి: ఈ వినతి కన్నడ ప్రతి, మురుగు కలుస్తున్న ఇళ్ల వీధివారీ జాబితా, పోయిన నెల సభలో చూపించడానికి వీలుపడని నీళ్ల సీసా, ఒకటి.