నా వేరియబుల్‌ని నాకు చెప్పి మార్చండి

సి++ లో ఈ లైను చూడండి:

లెక్కకట్టు(బిల్లు, పన్ను);

ఇది నడిచాక పన్ను విలువ మారిందా, మారలేదా? చూసి చెప్పలేరు. డిక్లరేషన్ వెతుక్కుని, అక్కడ & ఉందో లేదో చూసుకోవాలి. సి లో ఈ బాధ లేదు. పిలిచేచోట &పన్ను అని రాస్తే తప్ప ఫంక్షన్ మీ ఇంటిజర్‌ని ముట్టుకోలేదు. సి++ రిఫరెన్సులు తెచ్చి ఆ ఒక్క గుర్తునీ మాయం చేసింది.

"ఐడీఈలో మౌస్ పెడితే తెలుస్తుందిగా" అంటారు. కోడ్ రివ్యూలో మన ముందుండేది మూడు లైన్ల డిఫ్. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతే సర్వర్‌లో ఉండేది వీఐ. మౌస్ ఎక్కడ పెట్టమంటారు?

ధవళేశ్వరం సంగతే తీసుకోండి. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ సంగతి బ్యారేజీ రిజిస్టర్లో రాసుకుని ఊరుకుంటే కోనసీమ లంకల్లో వాళ్ళకేం లాభం? డిక్లరేషన్లో మాత్రమే & పెట్టడం అలాంటిదే. మునిగేది పిలిచినవాడి వేరియబులు కదండీ!

ఇదేం కుదరని కోరిక కాదు. 2002లో వచ్చిన సి# మొదటి వెర్షన్ నుంచే రెఫ్, అవుట్ అన్నవి రెండు చోట్లా రాయాలి, లేకపోతే కంపైల్ అవదు. స్విఫ్ట్‌లో ఇనౌట్ పారామీటరుకి పిలిచేటప్పుడు & పెట్టాల్సిందే. రస్ట్‌లో &మ్యూట్ అని రాయాలి. పీహెచ్‌పీ మాత్రం 5.4 (2012) నుంచి పిలిచేచోట & రాస్తే ఏకంగా ఫేటల్ ఎర్రర్ ఇస్తోంది! ఫంక్షన్ అడగకపోయినా పిలిచేవాడు & పెట్టెయ్యడం తప్పే, ఒప్పుకుంటాను. దానికి మందు రెండు చోట్లా తప్పనిసరి చెయ్యడం, ఉన్నదాన్ని పీకెయ్యడం కాదు.

జావా మిత్రులు మరీ సంబరపడకండి. మీ వేరియబుల్ క్షేమమే, అది చూపించే ఆబ్జెక్టు లోపల ఏం మారిందో మీకూ తెలీదు.

"టైపింగ్ ఎక్కువ" అనేవాళ్ళకి ఒకటే మాట: కోడ్ రాసేది ఒకసారి, చదివేది వందసార్లు.

సి++ ఇప్పుడు మారదు, మారితే పాత కోడంతా విరిగిపోతుంది. మన టీముల్లో మనం చెయ్యగలిగింది ఒకటుంది. మార్చాల్సిన విలువని రిటర్న్ చెయ్యండి:

పన్ను = లెక్కకట్టు(బిల్లు);

మారేది ఎడమపక్కనే కనిపిస్తోంది. రెండు మూడు విలువలు కావాలంటే సి++17లో ఒకే లైన్లో విడదీసుకోవచ్చు. ఇంకా దాచిపెట్టే మార్చాలంటారా? ఎందుకో చెప్పండి, వింటాను.